కాలిన జిన్నులో సముద్రం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఊరు దాటినాక ఎడమ పక్కన ఒక పాత పత్తి జిన్ను ఉంది, పత్తి నుంచి గింజలు తీసే మిల్లు. దాన్ని మా పక్క అందరూ కాలిన జిన్ను అంటారు. ఎప్పుడో లోపల పత్తి అంటుకుని దినాల తరబడి కాలిందంట. పనికి వచ్చిన ఆడమనిషి ఒకామె పొగలో చిక్కుకుందని కొందరంటారు, ఎవరూ చిక్కుకోలేదని కొందరంటారు. నాకు తెలిసింది ఒకటే — పొద్దు మునిగినాక ఆ గోడ పక్కన ఎవరూ నిలబడరు. నా చిన్నప్పుడు ఎద్దుల బండ్లోళ్ళు నిలబడేవాళ్ళు కాదు. ఇప్పుడు మోటార్ సైకిలోళ్ళూ నిలబడరు.

ఎందుకంటే… అది పిలుస్తాది.

పలికితే జొరం. మా అమ్మ నాకు ముందే చెప్పి పెట్టింది. రాత్రిపూట ఎవరన్నా పిలిస్తే ఒకటో పిలుపుకు పలకొద్దు. రెండో పిలుపుకూ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దెయ్యానికి మూడో పిలుపు రాదు.

ఎందుకు రాదో మా అమ్మ చెప్పలేదు. దానికి అంత ఓపిక ఉండదేమో అని ఇప్పుడు అనుకుంటాను.

ఇది నాగవేణికి జరిగింది. మా పక్కింటి పిల్ల, మాది పెద్దకడుబూరు దగ్గర పల్లె. నేను కళ్ళారా చూడలేదు. నాగవేణి చెప్పింది కొంత, ఆటో నడిపే యేసురత్నం చెప్పింది కొంత, ఆ జిన్నులో ఆ రాత్రి పండుకున్నాయన చెప్పింది కొంత. అన్నీ కలిపి చెప్తాండాను.

నాగవేణి మొగుడు బసవరాజు. మావి వానను నమ్ముకున్న ఊర్లు. వాన మొగం చాటేస్తే ఇంటికి తాళమేసి, పని ఉన్న ఊరికి పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. కొందరు గుంటూరుకు మిరపకాయలు కోయను పోతారు, కొందరు బెంగుళూరుకు పోతారు. బసవరాజు బొంబాయికి పోయినాడు, మేడలు కట్టే పనికి. అత్త మంచం పట్టి ఉంది కాబట్టి నాగవేణి పోలేదు.

ఆదివారం వానికి పని ఉండదు. ఆ పొద్దంతా బొంబాయి నడిచి తిరుగుతా ఫోన్ చేసేవాడు. నాగవేణిది బొత్తాల ఫోను, దాంట్లో బొమ్మ రాదు. అందుకని, ఎప్పుడూ పిలిచినట్లే 'మే' అని పిలిచి, నోటితోనే చూపించేవాడు. ఆ పిల్ల ఫోను గట్టిగా పెట్టి రొట్టెలు తట్టుకుంటా వినేది. నడుమ ఉన్నది మట్టి గోడే కదా, నేనూ వినేదాన్ని.

"మే, ఇప్పుడు గేటు కాడ ఉండాను. సముద్రం ఒడ్డున… రాతి గేటు. పెద్దది."

"ఎవరింటిది?"

"ఎవరింటిదీ కాదు. ఉత్త గేటే. ఇటు పక్క జనం, అటు పక్క పడవలు."

"ఇల్లు కట్టకుండా గేటు కట్టినారా? బాగా దుడ్డున్నోళ్ళే."

"చూడ్డానికి మాత్రం దుడ్డడగరు. అందుకే వస్తాను."

ఒకసారి స్టేషన్ చూపించినాడు. దేవళం మాదిరి గోపురాలు, రాతి మీద చెక్కిన నెమళ్ళు, నడుమ గడియారం. ఒకసారి దీపాల దారి. సముద్రం ఒంపు తిరిగిన కాడ వరసగా దీపాలు, మెడలో కంటె మాదిరి. ఇంకోసారి సముద్రం నడుమ ఉన్న దర్గా.

"నీళ్ళ నడుమ సన్న దారి మే. సముద్రం పొంగితే ఆ దారి మునుగుతాది. తగ్గితే తేలుతాది. చూసుకోని పోవల్ల, చూసుకోని రావల్ల."

"పోయినాక మునిగితే?"

"తగ్గేదాకా ఆడనే కూసుంటారు."

"భయం కాదా?"

"భయమెందుకు? తగ్గుతాది కదా."

సముద్రం వాసన ఎట్లుంటాదని అడిగింది ఒకసారి. ఫోన్లో గాలి చప్పుడే వినపడింది. ఆ తర్వాత చెప్పినాడు — "ఎండు చేపలు… డీజిలు… తడిసిన ఇనుము. ఈ మూడూ కలిపితే."

"తూ, దాన్ని చూడ్డానికా నేనొచ్చేది?"

"వస్తే మొదట స్టేషన్. ఆ తర్వాత గేటు. ఆ తర్వాత దీపాల దారి. కడాకు దర్గా. ఒక్క దినంలో అన్నీ చూపిస్తా."

ఆషాఢంలో, కడతాండే మేడ మీద నుంచి పడినాడు.

దూరం ఎక్కువ. వానలు. ఆస్పత్రిలో ఉంచి ఉంచి, తెచ్చే దారి లేక, తోటి పనోళ్ళు ఆడనే కాల్చినారు. మాకు ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ వచ్చింది. మంత్రాలయం పోయి తుంగభద్రలో కలిపినాము.

నాగవేణి ఏడవలేదు.

ఆడోళ్ళు పట్టుకుని ఊపినారు. ఏడువమ్మా, ఏడువు అన్నారు. ఆ పిల్ల వాళ్ళ మొగాలు చూస్తా నిలబడింది. వేరే ఎవరింటికో పరామర్శకు వచ్చినట్లు. ఆ రాత్రి నాతో మాత్రం అనింది — "ఆ కుండలో ఏముందో నాకెట్ల తెలుస్తాది అవ్వా?"

మా దిక్కు పాడెను మోసుకుపోతా దారిలో ఒక చోట దించుతారు. అయినవాళ్ళు వంగి చెవి కాడ పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. దింపుడుకళ్ళం అంటారు దాన్ని. ఏ మూలనన్నా ప్రాణముంటే పలుకుతాడని. పలకడు. పలకడని మోసేవాళ్ళకూ తెలుసు, పిలిచేవాళ్ళకూ తెలుసు. అయినా పిలుస్తారు. పిలిచి, పలకలేదని చెవులతో వింటేనే మనసు ఒప్పుకుంటాది.

బసవరాజును ఎవరూ దించలేదు. ఎవరూ పిలవలేదు.

"పిలవలేదు కాబట్టి వానికి తెల్దు," అని వాళ్ళమ్మ మంచంలో నుంచి నన్ను పేరు పెట్టి పిలిచి గుసగుసగా అనేది. "ఇంకా పనికి పోతానే ఉంటాడు. ఈ పిల్ల ఏడిస్తే తెలుస్తాది వానికి. ఏడవకపోతే ఇది కూడా పోతాది హులిగెమ్మా, వానెనకాల."

ఆ మాట నాకూ నిజమే అనిపించింది. నాగవేణి అన్నం ముందర పెట్టుకుని కూర్చుంటాది. కలుపుతాది. ఎత్తుకుపోయి ఆవుకు పెడతాది. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు దినదినానికి ఎక్కువైతాండాయి. మనిషి అంత తగ్గిపోతాంది.

కార్తీకంలో పత్తి ఏరను పోయినప్పుడు, ఎండిన కాయ మొన గుచ్చుకుని వేలి నుంచి రక్తం కారుతాంటే అట్లనే ఏరుతాందంట. పక్క సాలులో ఉన్న రేణుక చూసింది.

"ఓమ్మే, పత్తి ఎర్రగైతాంది చూడు. సావుకారి తిడతాడు. నొప్పి లేదా?"

నాగవేణి వేలు ఎత్తి చూసుకుంది. "నాదేనా ఇది?" అనిందంట.

రేణుక ఆ మాటకు నవ్వబోయి నవ్వలేదు.

ఆ పొద్దే జరిగింది ఇది. ఏరిన పత్తి తూకమేసి లారీకెత్తేసరికి చీకటి పడింది. కూలోళ్ళందరూ యేసురత్నం ఆటోలో వస్తాండారు. సరిగ్గా కాలిన జిన్ను గోడ కాడ — చక్రం గాలి పోయింది.

"ఇంతకన్నా మంచి జాగా దొరకలేదా నీకు?" అని రేణుక గొణిగింది.

"నేను ఎతికి పెట్టినానా అక్కా? మేకు ఎతికింది. మీరు నడుస్తాండండి, ఆ వంక దాటి నిలబడండి. చక్రం మార్చుకోని వస్తా."

ఆడోళ్ళందరూ కొంగులు నెత్తిన కప్పుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బిరబిరా నడిచినారు. నాగవేణి నాలుగడుగులేసి, సద్దిగిన్నె సంచి ఆటోలో మరిచినానని వెనక్కి తిరిగింది. ఆడోళ్ళు, ఆటో కాడ ఉంటాదిలే అనుకున్నారు. యేసురత్నం, అందరూ పోయినారనుకున్నాడు. వాడు అటు పక్క చక్రం కింద తల పెట్టి ఉన్నాడు.

సంచి తీసుకుంది. అప్పుడు… వినపడింది.

"మే…"

గోడ లోపల నుంచి. సన్నగా.

నిలబడింది. మా ఊర్లో అందరి మాదిరే ఆమెకూ తెలుసు. ఒకటో పిలుపుకు పలకొద్దు.

"మే…"

రెండో పిలుపుకూ పలకొద్దు.

మూడో పిలుపు కోసం చూసింది. చానాసేపు చూసింది. గాలి లేదు. చక్రం కాడ ఇనుము చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూడోది రాలేదు.

ఇంకెవరన్నా అయితే పరిగెత్తుతారు. నేనైతే పడతా లేస్తా పరిగెత్తేదాన్ని. నాగవేణి నాతో ఏమనిందంటే — "మూడోది రాలేదు అవ్వా. మనిషి కాదని తెలిసింది. మనిషి కాకపోతే ఏమి? నన్నే కదా పిలిచింది."

గోడ కూలిన కాడ నుంచి లోపలికి పోయింది.

జిన్నుకు పైకప్పు సగం లేదు. పున్నమికి ముందు దినాలు, వెన్నెల నేరుగా లోపల పడతాంది. మసి పట్టిన గోడలు ఉండాల్సిన చోట…

గోపురాలు. గోపురాల నడుమ గడియారం. దాని కింద గోడ మీద నెమళ్ళు.

నాగవేణి నెమలి తోకను దగ్గరికి పోయి చూసింది. వాడు చెప్పినట్లే ఉంది. దిగులు కాలేదు, సంతోషం కాలేదు. స్టేషన్ చూసినాను, అనుకుంది.

దాన్ని దాటింది. ఆడ గేటు. ఇల్లు లేని గేటు. తల ఎత్తితే అంచు కనపడలేదు.

గేటు చూసినాను, అనుకుంది.

గేటు లోపల నుంచి నడిచింది. దీపాలు, కంటె మాదిరి ఒంపు తిరిగి. వెలగడం లేదు, వెన్నెల్లో ఒక్కొక్కటీ తళుక్కుమంటాంది. దీపాల దారి చూసినాను, అనుకుంది.

ఆ దీపాల కడాన — సన్న దారి. అటూ ఇటూ నలుపు. ఆ కొసన తెల్లగా గుమ్మటం.

"చెప్పులు విడిచి పోయినా అవ్వా. సగం దారిలో కాళ్ళకు సల్లగా తగిలింది. చీలమండల దాకా వచ్చింది. వెనక్కి చూస్తే దారి లేదు. పోయి గుమ్మటం కాడ కూసున్నా. తగ్గుతాదని చెప్పినాడు కదా. ఎంతసేపు కూసున్నానో తెల్దు. తగ్గినాక లేచి వచ్చినా."

నాకు చెప్పేటప్పుడు కూడా గొంతు మారలేదు. బస్సు దిగి నడిచి వచ్చిన సంగతి చెప్పినట్లు చెప్పింది.

తిరిగి గేటు కాడికి వచ్చింది. చేతిలో సద్దిగిన్నె సంచి బరువనిపించి కింద దించింది. దించినాక గుర్తొచ్చింది — దించినాక ఏం చెయ్యల్లనో.

ఆ పిల్ల పెండ్లయిన దినం నుంచి మొగుని పేరు నోటితో పలకలేదు. మా ఇండ్లలో పలకరు. 'ఆయప్ప' అనేది, 'మా ఇంటాయన' అనేది. రేషన్ అంగడి కాడ పేరు అడిగితే పక్కనోళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ గేటు స్తంభానికి నోరు ఆనించింది. నోట్లో ఆ పేరు కొత్త పల్లు మాదిరి అడ్డం పడిందంట.

"బసవరాజూ…"

గొంతు గేటు లోపల తిరిగి వచ్చింది.

"బసవరాజూ…"

ఏమీ లేదు.

"బసవరాజూ…"

గేటు లోపల… ఎవరో దగ్గినారు.

నాగవేణి కదల్లేదు. స్తంభం వెనక నుంచి దుప్పటి కప్పుకున్న ఆకారం ఒకటి లేచింది. ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో ఇనుప మేకు.

"తాయీ…" అనింది ఆ ఆకారం, సన్నగా. "నువ్వు దెయ్యానివా, మనిషివా? ముందు అది చెప్పు."

"నాకూ తెల్దు అన్నా," అనింది నాగవేణి.

ఆయన పేరు దేవేంద్రప్ప. రాయచూరు పక్క మనిషి, ఆ పక్క అమ్మా అనేదానికి తాయీ అంటారు. ఊరూరా ఎగ్జిబిషన్ పెడతారే, రంగుల రాట్నం, బజ్జీల అంగడి, జాదూ — అట్లాంటి దాని కాపలాదారు. ఆ ఏడు వాళ్ళు ద్వారం ముందర బొంబాయి నగరం కట్టి చూపించల్లనుకున్నారు. ఆదోనిలో మైదానం ఖాళీ కాలేదని ఆ సామానంతా తెచ్చి కాలిన జిన్నులో నిలబెట్టినారు. ఈ జాగా పేరు ఆయన టీ అంగడిలో వినే ఉన్నాడు. అందుకే చెప్పూ మేకూ దగ్గర పెట్టుకుని పండుకున్నాడు.

"సముద్రం యాడుంది అన్నా?" అని అడిగింది నాగవేణి.

"సముద్రమా? ఇది చెక్క తాయీ. తట్టి చూడు."

తట్టింది. టక్… టక్. బోలు చప్పుడు. ఇంకోసారి తట్టింది. రాతి గేటు కాదు. లోపల ఏమీ లేదు. తను పిలిచింది, వాడు పలకలేదు. అంతే… అంతేనా?

అప్పుడు ఏడ్చింది.

దేవేంద్రప్ప చెప్పినాడు నాకు — "అవ్వా, దెయ్యాలు ఏడుస్తాయని విన్నాను. ఇట్ల ఏడవవు. ఆ ఏడుపు విని నా చేతిలో చెప్పు కింద పడిపోయింది. మా అక్క ఏడ్చినట్లే ఉంది."

బయట, చక్రం మార్చుకుని పోయిన యేసురత్నం, వంక కాడ నాగవేణి లేదని తెలిసి వెనక్కి వచ్చినాడు. వెంట వచ్చిన రేణుక ఆటో కాడనే ఆగిపోయింది. వాడు ప్రార్థన చెప్పుకుంటా టార్చి ఏసుకుని గోడ దాకా వచ్చి, ఆడి నుంచి పిలిచినాడు.

"నాగవేణక్కా…"

నాగవేణి పలకలేదు.

"నాగవేణక్కా…"

పలకలేదు. దేవేంద్రప్ప ఆమె మొగం చూస్తాండాడు.

"నాగవేణక్కా, అత్తకు ఏమని చెప్పల్ల నేను?"

"ఆఁ…" అనింది నాగవేణి. "వస్తాండా."

ఆ రాత్రి ఇంటికొచ్చి అత్త మంచం పట్టె మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చింది. అత్త తల నిమిరింది. నేను రొట్టె, చెనక్కాయల చట్నీ తీసుకపోయి పెడితే తినింది. ఉప్పు సాలలేదు అవ్వా అనింది. నేను పోయి ఉప్పు తెచ్చినాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఉప్పు తేలేదు.

తెల్లారి జొరమొచ్చింది. రెండు పూటలుండి పోయింది. ఆమె చీర నేనే ఉతికినాను. కొంగు ఉప్పుతో అట్ట కట్టింది. అంత ఏడ్చింది కదా, పాపం అనుకున్నాను. కింద కుచ్చిళ్ళ అంచున, చీలమండల ఎత్తున, తెల్లటి గీత ఉంది. చుట్టూ, ఒక్క ఎత్తులో. మావి చౌడు నేలలు, నీళ్ళు ఆరితే తెల్లగా మిగులుతాది. అదేలే అనుకున్నాను. వాన పడి నెల దాటిందని ఆ పొద్దు గుర్తు రాలేదు.

మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టినాక నాగవేణి నన్నూ తీసుకపోయింది. ద్వారం మీద రాసింది నేనే కూడబలుక్కుని చదివినాను — ముం-బై న-గ-రం. అక్షరాలు ఈ మధ్యనే పట్టుబడినాయి నాకు. నాగవేణి ముందర నడుస్తా చూపించింది. "మొదట స్టేషన్ అవ్వా. ఇదో గేటు. ఇవి దీపాలు." ఆ పొద్దు దీపాలు వెలుగుతాండాయి. గేటు ముందర నీలం గుడ్డ పరిచి, కింద ఫ్యాను పెట్టి అలలు ఆడిస్తాండారు.

నాగవేణి బజ్జీలు తేను పోయినప్పుడు దేవేంద్రప్పను అడిగినాను.

"దర్గా యాడప్పా?"

"ఏ దర్గా?"

"సముద్రం నడుమ ఉంటాది కదా. సన్న దారి…"

"అది మా దాంట్లో లేదవ్వా. కట్టనే లేదు."

"ఆ రాత్రి ఈ నీలం గుడ్డ?"

"పెట్టెలో ఉంది. పెట్టె లారీలో. లారీ ఎమ్మిగనూరులో." నా పక్కకు తిరిగి అడిగినాడు. "ఎందుకవ్వా?"

ఏమీ లేదప్పా అన్నాను.

నాగవేణి బజ్జీ తుంచి నా చేతిలో పెట్టింది, తనూ తినింది. ఆమెతో ఈ సంగతి అనలేదు. ఇప్పుడు పనికి పోతాంది, అన్నం తింటాంది. చీర కుచ్చిళ్ళు తగ్గినాయి. ఎందుకు కదపడం?

కానీ ఆమెకు జొరమొచ్చిన పొద్దు, ఆ చీర నీళ్ళలో ముంచే ముందర, అంచు ముక్కు కాడ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో నాకే తెల్దు.

డీజిలు… అది యేసురత్నం ఆటోది అనుకోవచ్చు. తడిసిన ఇనుము… జిన్నులో పాత మిషన్లు ఉంటాయి అనుకోవచ్చు.

ఎండు చేపలు.

వాళ్ళింట్లో ఆషాఢం నుంచి నీసు వండలేదు.

ఇది సముద్రం వాసనేనా అని ఎవరన్నా అడిగితే నేను చెప్పలేను. నేను సముద్రం చూడలేదు. వాడు చెప్పింది గోడ ఇవతల నుంచి విన్నాను, అంతే.